టాలర్, క్లెవరర్, మోర్ మోడర్న్: ఇంగ్లిష్ విశేషణాల పోలిక రూపాలు ఎలా ఏర్పడతాయి?

ప్రశ్న

నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఇంగ్లిష్ వ్యాకరణంలో ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పాఠం చదివిస్తూ కూర్చున్న నేను, తను అడిగిన ప్రశ్నలకు సరైన జవాబు చెప్పలేక పుస్తకం మూసేయవలసి వచ్చింది. తెలిసినవారు వివరంగా చెబితే తనతో పాటు నేనూ నేర్చుకుంటాను.

నేను చదువుకునే రోజుల్లో నేర్చుకున్నది ఒకే ఒక సూత్రం. చిన్న మాట అయితే చివర ‘ఈఆర్’, ‘ఈఎస్‌టీ’ చేర్చాలి, పెద్ద మాట అయితే ముందు ‘మోర్’, ‘మోస్ట్’ పెట్టాలి. అదే తనకూ చెప్పాను. ‘చిన్న మాట అంటే ఎన్ని అక్షరాలమ్మా?’ అని అడిగి, కాగితం మీద స్ట్రాంగ్, క్లెవర్, మోడర్న్ అనే మూడు మాటలు రాసి చూపించింది. ఇంగ్లిష్‌లో మూడింటికీ ఆరేసి అక్షరాలే. అయినా మొదటిది స్ట్రాంగర్ అవుతుంది, రెండోది క్లెవరర్ అవుతుంది, మూడోది మాత్రం మోర్ మోడర్న్ అవుతుంది. పైగా మూడే అక్షరాలున్న ‘ఫన్’ అనే మాటకు మోర్ ఫన్ అంటున్నారు. నా సూత్రం అక్కడితో కూలిపోయింది.

తన నోటు పుస్తకంలో ‘మోర్ క్లెవర్’ అని రాసినచోట ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ‘క్లెవరర్’ అని దిద్ది ఉంది. ‘మోర్ క్లెవర్’ నిజంగా తప్పేనా? బిగ్ అనే మాట బిగ్గర్ అయినప్పుడు జీ రెండుసార్లు ఎందుకు రాయాలో, డీప్ అనే మాట డీపర్ అయినప్పుడు పీ ఒక్కసారే ఎందుకు సరిపోతుందో కూడా చెప్పలేకపోయాను. ‘అన్నయ్య నాకంటే పొడుగు’ అన్న వాక్యాన్ని తను ‘మై బ్రదర్ ఈజ్ టాల్ దాన్ మీ’ అని రాసింది. దిద్దిన తరువాత కూడా మళ్లీ అదే తప్పు చేస్తోంది. ఎందుకు చేస్తోందో నాకు అర్థం కావడం లేదు.

మొదటి జవాబు

అమ్మా, నేను చాలా ఏళ్లు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినవాణ్ని. మీ అమ్మాయి రాసిన ఆ మూడు మాటల వరుస చూసి నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ఈ పాఠంలోని అసలు చిక్కు ఆ మూడు మాటల్లోనే ఉంది. కాగితం మీద కనిపించే అక్షరాలకూ ఈ సూత్రానికీ సంబంధం లేదు. లెక్కపెట్టవలసింది నోట్లో పలికే సిలబుళ్లను. ఒక అచ్చు ధ్వనిని ఆధారం చేసుకుని ఒక్క ఊపున పలికే ముక్కే సిలబుల్. పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది: అరచేతిని గడ్డం కింద ఆనించి మాటను నెమ్మదిగా పలకమంటాను. గడ్డం ఎన్నిసార్లు చేతిని నొక్కితే అన్ని సిలబుళ్లు. స్ట్రాంగ్ అన్నప్పుడు ఒక్కసారే నొక్కుతుంది, ఎన్ని హల్లులు గుమిగూడినా అందులో అచ్చు ఒక్కటే కాబట్టి. క్లెవర్, మోడర్న్ అన్నప్పుడు రెండుసార్లు నొక్కుతుంది.

ఒక్క సిలబుల్ ఉన్న మాటల సంగతి తేలిక. టాల్ టాలర్ టాలెస్ట్, కోల్డ్ కోల్డర్ కోల్డెస్ట్ అన్నట్టు దాదాపు అన్నీ చివర ఈఆర్, ఈఎస్‌టీ తీసుకుంటాయి. మూడు, అంతకు మించి సిలబుళ్లున్న బ్యూటిఫుల్, డిఫికల్ట్, ఇంపార్టెంట్ వంటి మాటల విషయంలోనూ తికమక లేదు, వాటికి ముందు మోర్, మోస్ట్ వస్తాయి. వీటిలో గుర్తుంచుకోదగ్గ మినహాయింపు అన్‌హ్యాపీ, అన్‌టైడీ వంటివి. మూడు సిలబుళ్లున్నా అవి అన్‌హ్యాపియర్, అన్‌టైడియర్ అవుతాయి, ఎందుకంటే లోపలున్న హ్యాపీ, టైడీ అనే మాటల స్వభావమే ముందు తగిలించిన ‘అన్’ మీద కూడా చెల్లుతుంది.

చిక్కంతా రెండు సిలబుళ్ల మాటల దగ్గరే వస్తుంది. ఈఆర్ చేరిస్తే మాట మూడు సిలబుళ్లకు పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలను నాలుక ఎక్కడ సులువుగా ఒప్పుకుంటుందో గమనిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. రెండో సిలబుల్ ఊనిక లేకుండా, అంటే నొక్కి పలకకుండా, తేలికగా ముగిసే మాటలు చివర ఈఆర్‌ను హాయిగా మోస్తాయి. ‘వై’తో ముగిసే హ్యాపీ, ఈజీ, హెవీ, ‘ఎల్ఈ’తో ముగిసే సింపుల్, జెంటిల్, ‘ఓడబ్ల్యూ’తో ముగిసే నారో, షాలో, ‘ఈఆర్’తోనే ముగిసే క్లెవర్, టెండర్ ఇందుకు ఉదాహరణలు. సింపుల్ అనే మాటకు ఈఆర్ చేరినప్పుడు మధ్యలోని ధ్వని కరిగిపోయి సింప్లర్ అని మళ్లీ రెండు సిలబుళ్లకే వస్తుంది, అందుకే అది అంత సహజంగా వినిపిస్తుంది. మరోవైపు యూజ్‌ఫుల్, కేర్‌లెస్, ఫేమస్, బోరింగ్, యాక్టివ్ వంటి మాటలకు అప్పటికే ఒక తోక ఉంది. ఫుల్, లెస్, అస్, ఇంగ్, ఇవ్ అనే ప్రత్యయాల మీద మరో ప్రత్యయాన్ని ఇంగ్లిష్ సాధారణంగా భరించదు, ముందు మోర్ పెట్టుకుంటుంది. లకీ, ఫ్రెండ్లీ వంటి మాటల్లో ‘వై’, ‘ఎల్‌వై’ కూడా ప్రత్యయాలే అయినా అవి లకియర్, ఫ్రెండ్లియర్ అవుతాయన్నది ఇక్కడ ఒప్పుకోవలసిన మినహాయింపు. మోడర్న్ అనే మాటలో చివర రెండు హల్లులు బరువుగా కూర్చున్నాయి. రీసెంట్, పేషెంట్ కూడా అంతే. అందుకే అవి మోర్ వైపు వెళ్లాయి.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది గణితసూత్రం కాదు, వాడుక ఏర్పరచిన అలవాటు. క్లెవర్ లాగే ముగిసే ప్రాపర్, ఈగర్ అనే మాటలు మోర్ ప్రాపర్, మోర్ ఈగర్ అనే వినిపిస్తాయి. కామన్, పొలైట్, స్టుపిడ్, హ్యాండ్‌సమ్, జెంటిల్, నారో వంటివి రెండు రూపాల్లోనూ కనిపిస్తాయి. క్లెవర్ కూడా ఆ జాబితాలోనిదే. కాబట్టి మీ అమ్మాయి రాసిన ‘మోర్ క్లెవర్’ తప్పు కాదు. పాఠం చెప్పేటప్పుడు ఒకే రూపాన్ని నేర్పడం సౌకర్యంగా ఉంటుందన్నది నిజమే, కానీ సరైన రూపాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తే పిల్లలకు తమ చెవి మీద తమకున్న నమ్మకం పోతుంది. నాకు అది బాధ కలిగించే విషయం.

‘ఫన్’ సంగతి వేరు. అది చాలాకాలం నామవాచకంగానే ఉన్న మాట. మోర్ వాటర్, మోర్ టైమ్ అన్నట్టే మోర్ ఫన్ అన్నారు. తరువాత విశేషణంగా వాడుకలోకి వచ్చినా ఆ పాత అలవాటు వదల్లేదు. క్రియల నుంచి పుట్టిన టైర్డ్, బోర్డ్ వంటివి కూడా ఎంత చిన్నవైనా మోర్ టైర్డ్, మోర్ బోర్డ్ అనే అవుతాయి. రైట్, రాంగ్, రియల్ కూడా మోర్ వైపే ఉంటాయి.

ఇక బిగ్గర్‌లో రెండు జీల సంగతి. దీన్ని పిల్లలు ‘అచ్చు ముందు, హల్లు వెనుక’ అని సూత్రంలా బట్టీపట్టడం కంటే ఒక్క ఉదాహరణను దగ్గరగా చూస్తే మేలు. బిగ్ చివర ఒక్క జీ మాత్రమే ఉంచి ఈఆర్ చేర్చండి. బీ, ఐ, జీ, ఈ, ఆర్. ఇప్పుడు దాని పక్కన టైగర్ అనే మాటను రాయండి. టీ, ఐ, జీ, ఈ, ఆర్. మొదటి అక్షరం తప్ప రెండూ ఒక్కటే. కాబట్టి ఒక్క జీతో రాసిన ఆ మాటను చదివేవారు బైగర్ అని చదువుతారు. ఒక హల్లు తరువాత మళ్లీ అచ్చు వస్తే ముందున్న అచ్చును దీర్ఘంగానో, దాని పేరు పలికినట్టుగానో చదవడం ఇంగ్లిష్ చదువరి కంటికి అలవాటు. రెండో జీ ఆ దారికి అడ్డుకట్ట వేసి, ‘ఇక్కడి ఐ హ్రస్వమే’ అని చెబుతుంది. లేటర్, లాటర్ అనే మాటలు చూడండి. ఒక టీ ఉంటే లేటర్, రెండు టీలు ఉంటే లాటర్. హాట్, థిన్, వెట్, శాడ్ అన్నీ ఇందుకే చివరి హల్లును రెట్టిస్తాయి. డీప్‌లో రెండు ఈలున్నాయి, అచ్చు ఎలాగూ దీర్ఘమే, దాన్ని కాపాడవలసిన పని లేదు, కాబట్టి ఒక్క పీ చాలు. కోల్డ్‌లో చివర రెండు హల్లులు ముందే ఉన్నాయి. లో, న్యూ వంటి మాటల చివరనున్న డబ్ల్యూ హల్లుగా పలకదు, అందువల్ల అది ఎప్పుడూ రెట్టింపు కాదు.

మిగతా రెండు మార్పులు చిన్నవి. లార్జ్, వైడ్ వంటి మాటల చివర పలకని ఈ ముందే ఉంది కాబట్టి ఒక్క ఆర్ చేరిస్తే సరిపోతుంది. హల్లు తరువాత వచ్చే వై, ఐగా మారుతుంది, అందుకే హ్యాపియర్ స్పెల్లింగ్‌లో వై కనిపించదు. గ్రే అనే మాటలో వైకి ముందున్నది అచ్చు కాబట్టి అక్కడ వై అలాగే నిలుస్తుంది.

రెండో జవాబు

పై జవాబు చాలా బాగుంది. ‘టాల్ దాన్ మీ’ అనే తప్పు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందో నేను చెబుతాను, ఎందుకంటే చిన్నప్పుడు నేనూ అదే తప్పు రాసేవాణ్ని, దాని మూలం ఎక్కడుందో చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలుగు వాక్యాలను చూడండి. ‘అన్నయ్య పొడుగు.’ ‘అన్నయ్య నాకంటే పొడుగు.’ ‘అన్నయ్య అందరికంటే పొడుగు.’ మూడు వాక్యాల్లోనూ ‘పొడుగు’ అనే మాట కొంచెమైనా మారలేదు. పోలిక బరువంతా ‘కంటే’ అనే చిన్న మాట మోస్తోంది, అది కూడా విశేషణాన్ని అంటుకోకుండా, ఎవరితో పోలుస్తున్నామో ఆ మాటను అంటుకుని ఉంది. ఇంగ్లిష్‌లో ఆ పనిని రెండు చోట్ల చేయాలి. ‘దాన్’ అన్న మాట మన ‘కంటే’కు సమానం, దానితో పాటు విశేషణం కూడా తన రూపం మార్చుకోవాలి. తెలుగులో ఆలోచించే పిల్లవాడికి దాన్ రాయగానే పోలిక పూర్తయినట్టే అనిపిస్తుంది. అమ్మాయి తప్పు అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, మాతృభాష వల్ల వచ్చింది. తనకు ఈ తేడాను ఒకసారి రెండు వాక్యాలు పక్కపక్కన రాసి చూపిస్తే, దాన్ రాసిన ప్రతిసారీ వెనక్కి తిరిగి విశేషణాన్ని చూసుకోవడం అలవాటవుతుంది.

దీనికి ఎదురు తప్పు ‘మోర్ టాలర్’, ‘మోర్ బెటర్’ అనడం. ‘ఇంకా పొడుగు’, ‘ఇంకా మంచిది’ అనే మన మాటతీరు అక్కడ పని చేస్తుంది. ఇంకా అన్న మాటకు మోర్ పెట్టి, పొడుగు అన్న మాటకు టాలర్ పెట్టేస్తాం. విశేషణం మీద పోలిక గుర్తు ఒక్కటే ఉండాలి, అది చివరనైనా ఉండాలి, ముందైనా ఉండాలి. ‘నాకంటే చాలా పొడుగు’ అన్నప్పుడు ‘వెరీ టాలర్’ అనడం కూడా ఇలాంటిదే. వెరీ అనేది మామూలు విశేషణానికే పనికివస్తుంది. పోలిక రూపానికి మచ్, ఫార్, ఎ లాట్ అన్న మాటలు కావాలి, మచ్ టాలర్ అనాలి. కొలత చెప్పవలసి వస్తే అది విశేషణానికి ముందు నిలుస్తుంది: టూ ఇంచెస్ టాలర్.

సూపర్లేటివ్, అంటే ‘అన్నిటికంటే’ అని చెప్పే ఈఎస్‌టీ, మోస్ట్ రూపం దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ‘అందరికంటే’ అనే మాటను మనం యథాతథంగా ‘దాన్ ఆల్’ అని మారుస్తాం. ఎవరెస్ట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ‘ఎవరెస్ట్ ఈజ్ ది హైయెస్ట్ మౌంటెన్ ఇన్ ది వరల్డ్’ అన్నది సూపర్లేటివ్ వాక్యం. దీన్నే కంపారిటివ్‌లోకి, అంటే ఈఆర్, మోర్ రూపంలోకి మార్చినప్పుడు ‘హైయర్ దాన్ ఎనీ అదర్ మౌంటెన్’ అనాలి. ఆ ‘అదర్’ చాలా అవసరం, ఎందుకంటే ఎవరెస్ట్ కూడా పర్వతాలలో ఒకటే. అదర్ వదిలేస్తే ఎవరెస్ట్ తనకంటే తానే ఎత్తు అన్నట్టవుతుంది. పాజిటివ్‌లో, అంటే ఏ ప్రత్యయమూ చేరని మామూలు రూపంలో చెప్పాలంటే ‘నో అదర్ మౌంటెన్ ఈజ్ యాజ్ హై యాజ్ ఎవరెస్ట్’ అవుతుంది. పరీక్షల్లో ఈ మూడింటి మధ్య మార్పులే అడుగుతారు, మార్కులు పోయేది ఎక్కువగా ఆ అదర్ దగ్గరే.

ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు, కే2 ఎత్తు 8,611 మీటర్లు. కాబట్టి కే2 ‘ది సెకండ్ హైయెస్ట్ మౌంటెన్’. దాన్నే ‘వన్ ఆఫ్ ది హైయెస్ట్ మౌంటెన్స్’ అని కూడా అనవచ్చు. ఇక్కడ చివరి మాట బహువచనంలో ఉండాలి. ‘అత్యున్నత పర్వతాలలో ఒకటి’ అని తెలుగులో చెప్పేటప్పుడు మనం బహువచనాన్ని ఎన్నడూ మరచిపోం, ఇంగ్లిష్‌లో మాత్రం వన్ అన్న మాటను చూసి మౌంటెన్ అని ఆపేస్తాం. సూపర్లేటివ్‌కు ముందు ‘ది’ తప్పనిసరి అని చెబుతారు గానీ, ‘మై బెస్ట్ ఫ్రెండ్’ అన్నట్టు మై, హిజ్, అవర్ వంటి మాటలు ముందుంటే ‘ది’ రాదు. రెండింటినే పోల్చేటప్పుడు జాగ్రత్తగా రాసేవారు ‘ది టాలర్ ఆఫ్ ది టూ’ అని కంపారిటివ్‌నే వాడతారు, దానికి ముందు మాత్రం ‘ది’ ఉంటుంది.

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ అనే మాటల తరువాత దాన్ రాదు, ‘టు’ వస్తుంది. ఇవి లాటిన్ నుంచి పోలిక రూపంతోనే దిగుమతి అయిన మాటలు, వాటి చివరి ‘ఐఓఆర్’ లాటిన్‌లో మన ఈఆర్‌కు సమానం. వాటికి ముందు మళ్లీ మోర్ పెట్టకూడదు.

అడిగినవారు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. టైగర్ ఉదాహరణ చూపించగానే అమ్మాయి తనంతట తానే హాటర్, థిన్నర్ సరిగ్గా రాసింది. తెలుగు వాక్యాలు మూడూ పక్కపక్కన రాసినప్పుడు ‘మన భాషలో పొడుగు మారదు కదా’ అని ఆశ్చర్యపోయింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. గుడ్ అనే మాట గుడర్ కాకుండా బెటర్, బెస్ట్ ఎలా అయింది? బ్యాడ్ అనే మాట వర్స్ ఎలా అయింది? ఒక్క అక్షరం కూడా కలవడం లేదు. ‘అవి అంతే, కంఠస్థం చెయ్యి’ అని చెప్పాలని నాకు లేదు. అక్కకూ అన్నకూ ఎల్డర్ అంటాం కదా, ‘షి ఈజ్ ఎల్డర్ దాన్ మీ’ అనవచ్చా?

మూడో జవాబు

కంఠస్థం చేయించకూడదనుకున్న మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. వీటి వెనుక చరిత్ర ఉంది, అది తెలుసుకుంటే అవి క్రమం తప్పిన రూపాలుగా కనిపించవు.

గుడ్, బెటర్ అనేవి ఒకే మాటకు వచ్చిన రెండు రూపాలు కావు. వేరువేరు మూలాల నుంచి వచ్చిన రెండు మాటలు ఒకే కుటుంబంలో స్థిరపడ్డాయి. వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్‌లో కూడా గుడ్‌కు పోలిక రూపాలుగా బెటెరా, బెట్‌స్ట్ అనే ఉండేవి. వర్స్ కథ మరీ విచిత్రం. పాత ఇంగ్లిష్‌లో చెడును సూచించే మామూలు మాట ఇప్పటి ఈవిల్‌కు పూర్వరూపం, వర్స్, వర్స్ట్ అనేవి దాని పోలిక రూపాలు. బ్యాడ్ అనే మాట ఆ తరువాతి శతాబ్దాల్లో వాడుకలోకి వచ్చి ఈవిల్ స్థానాన్ని ఆక్రమించింది. మొదటి రూపం మారిపోయినా, వెనుకనున్న రెండూ అలాగే నిలిచాయి. రోజూ నోట్లో నలిగే మాటలకే ఇలాంటి పాత రూపాలు నిలుస్తాయి, ఎందుకంటే పిల్లలు వాటిని సూత్రం తెలియకముందే వినివిని నేర్చుకుంటారు.

ఇది ఇంగ్లిష్‌కు మాత్రమే ఉన్న లక్షణం కాదు. సంస్కృతంలో ‘శ్రేయస్’, ‘శ్రేష్ఠ’ అనే రూపాలను ‘ప్రశస్య’ అనే మాటకు పోలిక రూపాలుగా పాణిని చెప్పాడు. ప్రశస్య స్థానంలో ‘శ్ర’ వస్తుందని అందుకోసం ప్రత్యేకంగా ఒక సూత్రం రాశాడు. గుడ్, బెటర్, బెస్ట్ చేసిన పనినే ప్రశస్య, శ్రేయస్, శ్రేష్ఠ చేశాయి. ఇంకొంచెం దగ్గరగా చూడండి. జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ అని మనం తెలుగులో నిత్యం వాడే మాటల చివరనున్న ‘ఇష్ఠ’కూ ఇంగ్లిష్ ‘ఈఎస్‌టీ’కీ పుట్టుక ఒక్కటే. సంస్కృతంలో ‘స్వాదు’ అంటే తియ్యనిది, ‘స్వాదిష్ఠ’ అంటే అన్నిటికంటే తియ్యనిది. స్వీట్, స్వీటెస్ట్ అన్న మాటలు వాటికి అక్షరాలా చుట్టాలు. స్వాదిష్ఠ, స్వీటెస్ట్ అని రెండు మాటలనూ ఒకదాని తరువాత ఒకటి పైకి పలికి చూడండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. మనం పోలికను ‘తారతమ్యం’ అంటాం కదా, ఆ మాట కూడా ‘తర’, ‘తమ’ అనే సంస్కృత పోలిక ప్రత్యయాల నుంచి పుట్టినదే.

ఇక ఎల్డర్ విషయం. పాత ఇంగ్లిష్‌లో ఓల్డ్ అనే మాటకు పోలిక ప్రత్యయం చేరినప్పుడు లోపలి అచ్చు కూడా మారేది. అలా వచ్చినవే ఎల్డర్, ఎల్డెస్ట్. తరువాత ఓల్డ్ నుంచి తిన్నగా ఓల్డర్, ఓల్డెస్ట్ అనే కొత్త రూపాలు ఏర్పడి ఎక్కువ పని అవే చేయడం మొదలుపెట్టాయి. ఎల్డర్ కుటుంబంలోని వరసకే మిగిలింది. ‘మై ఎల్డర్ సిస్టర్’ అని నామవాచకానికి ముందు వాడవచ్చు. దాన్ వచ్చే చోట మాత్రం ఓల్డర్ వాడాలి: ‘షి ఈజ్ ఓల్డర్ దాన్ మీ.’ ‘ఎల్డర్ దాన్ మీ’, ‘ఎల్డర్ టు మీ’ రెండూ సరైనవి కావు.

నియర్ అనే మాట సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మనం దాన్ని మామూలు విశేషణం అనుకుని నియరర్, నియరెస్ట్ అంటున్నాం గానీ, ఒకప్పుడు నియర్ అన్నదే పోలిక రూపం. ‘నై’ దాని మొదటి రూపం, ‘నెక్స్ట్’ దాని సూపర్లేటివ్. అంటే నియరర్ అన్నప్పుడు చరిత్ర దృష్ట్యా పోలిక గుర్తును రెండుసార్లు పెడుతున్నాం. లెస్సర్ కూడా ఇలాగే లెస్ మీద మరో ప్రత్యయం చేరి ఏర్పడింది. షేక్‌స్పియర్ కాలంలో మోర్ బెటర్ వంటి జంట రూపాలు నాటకాల్లో సైతం వినిపించేవి. సంస్కృతంలో శ్రేష్ఠకు మళ్లీ తమ చేర్చి ‘శ్రేష్ఠతమ’ అన్నారు, ఆ మాటను మనం తెలుగులోనూ వాడుతున్నాం. కాబట్టి మోర్ బెటర్ రాసిన పిల్లవాడిని తిట్టవద్దని నా మనవి. ఈనాటి ఇంగ్లిష్‌లో అది చెల్లదని చెప్పి దిద్దితే చాలు.

నాలుగో జవాబు

పై జవాబులకు రెండు విషయాలు చేర్చాలనుకుంటున్నాను. మొదటిది, ఈఆర్ తీసుకునే చిన్న మాటకు కూడా మోర్ తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. ఇద్దరిని కాకుండా ఒకే మనిషిలోని రెండు గుణాలను పోల్చేటప్పుడు మోర్ మాత్రమే వాడాలి. ‘అతను తెలివితక్కువవాడు అనడం కంటే బద్ధకస్తుడు అనడం సరైనది’ అనే అర్థంలో ‘హి ఈజ్ మోర్ లేజీ దాన్ స్టుపిడ్’ అంటారు. అక్కడ లేజియర్ అంటే వాక్యం చెడిపోతుంది.

రెండోది, పర్‌ఫెక్ట్, యునీక్ వంటి మాటలకు పోలిక రూపాలు ఉండకూడదని కొన్ని వ్యాకరణ పుస్తకాలు గట్టిగా చెబుతాయి, సంపూర్ణమైనదానిలో ఎక్కువతక్కువలు ఉండవన్నది వాటి వాదం. పరీక్షలో ఆ నియమాన్ని పాటించడమే మంచిది. అయితే 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం తొలి వాక్యంలోనే ‘మోర్ పర్‌ఫెక్ట్ యూనియన్’ అని ఉంది. సంపూర్ణతకు మరింత దగ్గరైనది అన్న అర్థంలో ఆ వాడుకను నేను తప్పుపట్టలేను.

అడిగినవారు

అందరికీ నమస్కారాలు. స్వాదిష్ఠ, స్వీటెస్ట్ రెండింటినీ అమ్మాయి నోటు పుస్తకం వెనుక పేజీలో రాసుకుంది. చివరిగా ఉచ్చారణకు సంబంధించి ఒక చిన్న సందేహం. ఈ రోజు ఒక ఆంగ్ల సంభాషణ వింటున్నప్పుడు యంగ్ అన్నప్పుడు గకారం వినిపించలేదు, యంగర్ అన్నప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది. మేము సరిగ్గానే విన్నామా?

మొదటి జవాబు రాసినవారు

చాలా సరిగ్గా విన్నారమ్మా. తెలుగులో సున్న తరువాత గ రాస్తే అనునాసికమూ గకారమూ రెండూ పలుకుతాం, ‘రంగు’, ‘అంగడి’ అన్నట్టు. అదే అలవాటుతో యంగ్, లాంగ్, స్ట్రాంగ్ చివర కూడా గకారాన్ని నొక్కి పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఆ మూడు మాటలూ ముక్కులో పలికే అనునాసికంతోనే ఆగిపోతాయి, చివరి జీకి వేరే ధ్వని ఉండదు. పోలిక ప్రత్యయం చేరగానే మాత్రం గకారం బయటికి వస్తుంది: యంగర్, లాంగర్, స్ట్రాంగర్, అలాగే యంగెస్ట్, లాంగెస్ట్, స్ట్రాంగెస్ట్. పాడేవారిని సూచించే సింగర్ అనే మాట చివర కూడా ఈఆర్ ఉంది, కానీ అది పోలిక ప్రత్యయం కాదు, పని చేసేవారిని సూచించే ప్రత్యయం, అందుకే అక్కడ గకారం పలకదు. అంటే యంగర్ అన్న మాటను మన పిల్లలు ఏ కష్టమూ లేకుండా సరిగ్గా పలుకుతారు. సాధన చేయించవలసింది యంగ్, సింగర్ అనే మాటల మీద. అమ్మాయి చేత సింగర్, స్ట్రాంగర్ అనే రెండు మాటలను పక్కపక్కన పలికించి, మొదటిదానిలో నాలుక వెనుక భాగం అంగిలిని వదిలేటప్పుడు గకారం పేలకుండా చూసుకోమనండి.